ఒక బోల్టు పక్కకి

పొద్దున్నే పంపు గది తాళం తీశాక ఆయన మొదట చేసే పని మోటారు వెయ్యడం కాదు. ఈతకొలను అంచున, నీళ్లు లోపలికి లాగే చోట, ఆకులూ వెంట్రుకలూ మోటారులోకి పోకుండా ఆపే చిల్లుల బుట్ట ఒకటి ఉంటుంది. గట్టు మీద మోకాళ్లూని వంగి ఆ బుట్ట పైకి లాగేవాడు. అందులో పడి ఈదలేక ఈదుతున్న పురుగుల్ని ఒక్కొక్కటిగా ఏరి, ఎండ తగిలే పిట్టగోడ మీద పెట్టేవాడు. పేడపురుగులు, తేనెటీగలు, అప్పుడప్పుడూ బొటనవేలంత కప్ప.

పెడుతూనే తిట్టేవాడు. “ఈత రానిదానివి ఎందుకు దూకావే? నీకు టిక్కెట్టెవడిచ్చాడు?” చీమల బారు ఎటు పోతోందో చూసి, దానికి దూరంగా జరిపి మరీ తిట్టేవాడు. తేనెటీగ రెక్కలారేదాకా తన నీడ దాని మీద పడకుండా పక్కకి తప్పుకుని, “ఊఁ, లే. నాకు నీతోనే సరిపోయిందా?” అని కసిరేవాడు. అది ఎగిరిపోయాకే మిగతా పని. ఆ గోడ దగ్గర ఆయన చేతులు ఎంత మెత్తనో పైవాడికి తప్ప ఎవరికీ తెలియదు. కనీసం ఆయన అలాగే అనుకునేవాడు.

ఎందుకంటే ఆ గోడ దాటి వచ్చాక ఆయన దగ్గర మెత్తదనం అన్నది మచ్చుకైనా కనపడేది కాదు. ఎప్పుడూ ఎవరో ఒకరి మీద కారాలూ మిరియాలూ నూరుతుంటాడని ఎవరో అన్నారు. వాడుకలో కారాలు రాలిపోయి మిరియాలు మిగిలాయి. క్లబ్బులో అందరికీ ఆయన మిరియాలే, ఎదురుగా తప్ప. తలకి నూనె రాసుకుని ఈతకొచ్చిన వాళ్లని “నీళ్లలో ఏం వేయిద్దామని వచ్చారు?” అని అడిగేవాడు. చొక్కాతో దిగబోయిన వాళ్లని “ఇస్త్రీ పెట్టె కూడా తెచ్చారా?” అనేవాడు. పంపు గది గుమ్మం తొక్కితే మాత్రం వెటకారం కూడా ఉండేది కాదు, నేరుగా అరుపే. ఒకసారి మేనేజరమ్మ పిలిపించిన మెకానిక్కుని గుమ్మంలోంచే తరిమేశాడు. “నా గదిలో ఇంకో పానా మోగితే నేను మానేస్తా” అన్నాడు. నీళ్లు అద్దంలా ఉంటున్నాయి కదా అని ఆమె ఊరుకుంది.

ఆయన భయం ఆ గదిలో ఉంది. ఆ భయానికి కాపలాగా పెంచుకున్నదే ఆ కోపం.

గది పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. ఒక మూల మోటారు, దాని పక్కన మనిషెత్తు ఇసక పీపా. కొలను నీళ్లు ఆ ఇసకలోంచి దిగి, మురికి అక్కడ వదిలి, శుభ్రమై మళ్లీ కొలనుకి పోతాయి. పీపా నెత్తిన ఆరు దారుల వాల్వు, దాని మూత మీద నల్ల పిడి. పిడిని కిందికి నొక్కి తిప్పితే ఆరు చోట్ల ఆగుతుంది. ఆ ఆరు చోట్లా మూత మీద అచ్చుపోసిన అక్షరాలు. ‘ఫిల్టర్’ దగ్గర పెడితే నీళ్లు ఇసకలో వడకట్టుకుని కొలనుకి పోవాలి. ‘వేస్ట్’ అంటే ఇసక జోలికి పోకుండా నేరుగా మురిక్కాలవకి. ‘క్లోజ్’ అంటే ఎటూ దారి లేదు. ‘బ్యాక్‌వాష్’ దగ్గర నీళ్లు ఇసకని కింది నుంచి పైకి కడిగి మురికిని కాలవలోకి నెట్టాలి. ‘రిన్స్’ అంటే కడిగాక ఒక నిమిషం జాడించడం, అదీ కాలవలోకే. ఈ రెంటి నడుమ ఉన్న ఆరోది నీళ్లని ఇసకకి తగలకుండా తిప్పడానికి. ఇవన్నీ వివరంగా రాసిన కాగితం గోడకి అంటించి ఉంది.

కాగితం సంగతి అది. మిరియాలు సంగతి వేరు. ఆయన కొలను నడిపేది ‘రిన్స్’ మీద. ఇసక కడిగేది ‘క్లోజ్’ మీద. ‘ఫిల్టర్’ అన్న అక్షరాల వైపు పిడి పోయి తొమ్మిదేళ్లయింది.

తొమ్మిదేళ్ల కిందట వాల్వు లోపలి రబ్బరు, బండిచక్రం ఆకుల్లా ఉంటుంది అది, అరిగిపోయి నీళ్లు కాలవలోకి కారడం మొదలుపెట్టాయి. మూతకున్న ఆరు బోల్టులూ విప్పి, పాత రబ్బరు గోరుతో గీకి తీసి, కొత్తది అతికించి, లోపలి స్ప్రింగుని అదిమి పట్టుకుని మూత బిగించాడు. ఆరు బోల్టులు, ఆరు అక్షరాలు. ఏ రంధ్రానికి ఏ రంధ్రం కలిపినా మూత ముద్దుగా కూర్చుంటుంది. అందుకే విప్పేముందు మూతకీ కింది భాగానికీ కలిపి ఒక గీత గీసుకోవాలి. ఈ పనిలో పండిపోయినవాడు ఆ రోజు గీత గీసుకోలేదు.

గుమ్మంలో నలుగురు చేరారు. మేనేజరమ్మ, ఈత నేర్పే ఇద్దరు, వాళ్ల వెనక గేటాయన. ఈ గేటాయన మిరియాలుకి తోడల్లుడు. అక్కని ఆయన, చెల్లెల్ని ఈయన చేసుకున్నారు. నవ్వు మొహం, నిలవని నోరు. మూడోసారి స్ప్రింగు జారి మూత పైకెగిరినప్పుడు అతను వెనక నుంచి అన్నాడు.

“పొద్దున్నించీ మూతే పెడుతున్నావు అన్నయ్యా. మీ మరదలు కుక్కరు మూత ఇంకా గబుక్కున పెడుతుంది. ఇంతకీ విజిలెప్పుడొస్తుంది?”

అందరూ నవ్వారు. మేనేజరమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మిరియాలు చెవులు కాలిపోయాయి. నాలుగోసారి మూత పట్టి గబగబా బిగించేశాడు. పిడి ‘ఫిల్టర్’ దగ్గర పెట్టి మోటారు వేస్తే నీళ్లు గళగళమని మురిక్కాలవలోకి దూకాయి. ఒక బోల్టు పక్కకి బిగించానని ఆయనకి వెంటనే తెలిసింది. పదినిమిషాల పని, మళ్లీ విప్పి మళ్లీ బిగిస్తే సరి. కానీ గుమ్మంలో ఆ నవ్వు ఇంకా నిలబడి ఉంది. దాని ముందు ఐదోసారి మూత విప్పడం కన్నా ప్రాణం విప్పడం నయమనిపించింది. మోటారు ఆపి, పిడి ఒక్క చోటు వెనక్కి తిప్పి ‘రిన్స్’ మీద పెట్టాడు. నీళ్లు చక్కగా కొలనుకి పోయాయి. “అయిపోయింది, పోండి” అన్నాడు. రేపు ఎవరూ లేనప్పుడు సరిచేద్దామనుకున్నాడు. ఆ రేపు తొమ్మిదేళ్లు సాగింది.

ఆ రోజు నుంచి తోడల్లుళ్లకి మాటల్లేవు. ఒకే వరండాకి రెండు వాకిళ్లుగా ఉన్న ఇళ్లు వాళ్లవి. అక్కచెల్లెళ్లు కూరగిన్నెలు మార్చుకుంటూనే ఉన్నారు, మొగుళ్లు ఎడమొహం పెడమొహంగానే ఉన్నారు. ఏదైనా తప్పనిసరిగా చెప్పాలంటే గేటాయన గేటుకి చెప్పేవాడు: “ఇవాళ స్కూలు పిల్లలు వస్తున్నారు, కొందరు నీళ్లు చూసుకోవాలి కాబోలు.” మిరియాలు మోటారుకి చెప్పేవాడు: “కొందరు గేటు తీస్తే చాలు, నీళ్ల సంగతి వాళ్లకెందుకు?” మిరియాలుకి ఒక్కటే కోరిక. ఆ నవ్వు మొహం ఒక్కసారైనా నలుగురిలో దించుకోవాలి.

ఒక ఆదివారం ఆయన దవడ బన్నులా వాచింది. పన్ను పీకక తప్పదన్నాడు డాక్టరు, మర్నాడు ఎనిమిదింటికి రమ్మన్నాడు. సోమవారం క్లబ్బుకి సెలవు, కానీ నీళ్లకి సెలవుండదు. పైగా మంగళవారం పిల్లల ఈత పోటీలు. సాయంత్రం మేనేజరమ్మ దగ్గరికెళ్లాడు.

“రేపు పొద్దున మోటారు నేనే వేసి పోతాను. పన్నెండింటికి ఆపమనండి చాలు. పిడి మాత్రం ముట్టుకోవద్దనండి.”

“ఎవరికి చెప్పమంటావు?”

“ఎవరికో. గేటు దగ్గర ఎవరో ఉంటారుగా.”

“మీ తోడల్లుడేగా, నువ్వే చెప్పరాదూ?”

“నాకు తోడల్లుళ్లెవరూ లేరు” అని వచ్చేశాడు.

సోమవారం నొప్పి కళ్లు తెరవనివ్వలేదు. ఆరింటికి మోటారు వేసి, బుట్ట సంగతి కూడా చూడకుండా పరిగెత్తాడు. అన్నేళ్లలో బుట్ట తియ్యని మొదటి రోజు అదే.

మధ్యాహ్నం మూడింటికి నోట్లో దూదితో తిరిగొచ్చేసరికి అడుగు గొట్టం లాగేసి కొలనులో నీళ్లు మోకాలి లోతుకి దిగిపోయి ఉన్నాయి. పక్క పలకల మీద తడి చారలు ఆరుతున్నాయి. మెట్ల మీద గేటాయన తల వంచుకుని నిలబడ్డాడు. మేనేజరమ్మ గొంతు రోడ్డు మీదికి వినిపిస్తోంది.

“పిడి ముట్టుకోవద్దని చెప్పానా లేదా?”

“చెప్పారమ్మా. కానీ అది రిన్స్ మీద ఉంది. రిన్స్ మీదుంటే నీళ్లు బయటికి పోతాయని ఆ గోడ మీది కాగితంలోనే ఉంది. నొప్పితో మరిచిపోయాడేమో, రేపు మాట పడతాడు పాపం అని... మోటారు ఆపే తిప్పానమ్మా. ఫిల్టర్ మీదే పెట్టాను. గేటు దగ్గర కూర్చుని, పన్నెండింటికి వచ్చి చూస్తే ఇదీ!”

“ఫిల్టర్ మీద పెడితే కొలను ఖాళీ అవుతుందా? అబద్ధానికైనా అంతుండాలి!” ఆమె మిరియాలు వైపు తిరిగింది. “నువ్వు చెప్పు. ఫిల్టర్ మీద పెడితే నీళ్లు బయటికి పోతాయా?”

మిరియాలు దవడ చూపించాడు, మాట్లాడలేనన్నట్టు. ఆమె కదల్లేదు. అప్పుడు తల అడ్డంగా ఊపాడు. పోవు.

అది లోకంలో ఏ వాల్వుకైనా నిజమే, ఆ ఒక్క వాల్వుకి తప్ప.

“విన్నావుగా” అంది ఆమె గేటాయనతో. “పోటీలు ఆగిపోయాయి. రేపు పదింటికి కమిటీవాళ్లు వస్తున్నారు. గేటు తాళాలు వాళ్ల చేతిలో పెట్టి ఇంటికి పో. మళ్లీ రానక్కర్లేదు.”

గేటాయన మొహం దించుకున్నాడు. నలుగురిలో. మిరియాలు కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది.

కొలనులోకి కొత్త నీళ్ల గొట్టం పెట్టించి ఆయన పంపు గది వైపు నడిచాడు. నొప్పి సగం తగ్గినట్టుంది. పిడి ‘ఫిల్టర్’ మీద ఉంది, ఎంతో పద్ధతిగా, సరిగ్గా గాడిలో కూర్చుని. “తగిన శాస్తి” అని దూది వెనకాలే గొణుక్కున్నాడు. బుట్ట గుర్తొచ్చి పిట్టగోడ దగ్గరికెళ్లాడు.

బుట్ట ఖాళీగా, కడిగి బోర్లించి ఉంది. గోడ మీద ఐదు పేడపురుగులు, ఎడం ఎడంగా, చీమల బారుకి దూరంగా పెట్టి ఉన్నాయి. ఒక తేనెటీగ కింద ఎండుటాకు పరిచి ఉంది, రాయి వేడి తగలకుండా. ఆకు పరచాలని తనకి ఎప్పుడూ తోచలేదు.

తొమ్మిదేళ్లు తను ఒంటరిగా చేశాననుకున్న పనిని ఒకడు గేటు దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాడు. చూసి, ఇంతవరకూ ఆ నోటితో ఎవరి దగ్గరా నవ్వులాటకైనా అనలేదు.

“నిన్నెవడు చెయ్యమన్నాడు?” అని గోడని తిట్టాడు. తిట్టు ఎందుకో సరిగా రాలేదు.

ఇంటికెళ్తే భార్య చల్లార్చిన పాలు గ్లాసుతో ఎదుట పెట్టింది, పెట్టడమంటే కొట్టినట్టే పెట్టింది.

“చెల్లి మధ్యాహ్నం నుంచీ పొయ్యి వెలిగించలేదు. ఈ వయసులో ఆయనకి ఇంకో గేటెవరిస్తారు? నువ్వేమో బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు. వాల్వు సంగతి నీకు తెలియనిదేముంది? ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది?”

ఆయన దవడ చూపించాడు.

“ఆ దవడ నాకు చూపించకు. తిట్టడానికైతే ఎన్ని వాపులున్నా లేచేది.”

మర్నాడు ఎనిమిదింటికల్లా ఆయన మేనేజరమ్మ బల్ల ముందు నిలబడ్డాడు. దూది లేదు, దాక్కోడానికి వేరే ఏమీ లేదు.

“నీళ్లు పోయింది వాడి వల్ల కాదు. మూత నేను తప్పు పెట్టాను. ఒక బోల్టు పక్కకి. ఫిల్టర్ అని రాసున్న చోట ఉన్నది వేస్టు.”

“ఎప్పుడు పెట్టావు?”

“తొమ్మిదేళ్లయింది.”

ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “తొమ్మిదేళ్లు. ఆ మెకానిక్కుని తరిమింది ఇందుకా? మరి నిన్న తల అడ్డంగా ఊపావే?”

“మీరు ఫిల్టర్ గురించి అడిగారు. ఫిల్టర్ మీదైతే పోవు. నా వాల్వులో ఫిల్టర్ ఎక్కడుందో మీరడగలేదు.”

“సిగ్గులేకపోతే సరి!” ఆమె కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. “పిల్లల పోటీలు పోయాయి. ఒక మనిషి పొట్ట కొట్టబోయాను, నిన్ను నమ్మి. పది లోపల ఆ మూత సరిచెయ్యి. కమిటీకి నీ నోటితో నువ్వే చెప్పు. గేటు తాళాలు గేటాయన దగ్గరే ఉంటాయి. ఇకమీదట ఒక్క బిందె నీళ్లు నీ పొరపాటు వల్ల కాలవలోకి పోతే, ఆ గది తాళం నేనే అడుగుతాను. పో.”

ఆయన పోయి ఐదో బోల్టు విప్పుతుండగా గుమ్మంలో నీడ పడింది. గేటాయన. చేతిలో తాళాల గుత్తి. మేనేజరమ్మ అంతా చెప్పినట్టుంది, మొహం కందగడ్డలా ఉంది. ఈసారి గేటుకీ మోటారుకీ చెప్పలేదు.

“మనిషివేనా నువ్వు? నిన్నటి నుంచీ నా పెళ్లాం ఏడుస్తోంది. నేను పిడి ఏ గాడిలో పెట్టానో, ఏ అక్షరం తప్పు చదివానో అని గుండెలు బాదుకుంటున్నాను. ఏ తప్పూ చెయ్యలేదన్నమాట! దేనికి అన్నయ్యా? కుక్కరన్నందుకా? ఒక్క కుక్కరు మాటకి తొమ్మిదేళ్లా?”

“విజిలని కూడా అన్నావు” అన్నాడు మిరియాలు, తలెత్తకుండా.

“అన్నాను! మళ్లీ అంటాను! ఊరంతటికీ చెప్తాను!”

“చెప్పుకో.”

ఆరో బోల్టు ఊడగానే స్ప్రింగు తన్ని మూత లేచింది. వాచిన దవడకి తగలబోతుంటే గేటాయన రెండు చేతులా అదిమి పట్టాడు, తిట్లు ఆపకుండానే. “పట్టుకోవడం చేతకాదు, పంతాలకి తక్కువ లేదు. ఎటు తిప్పాలి? చెప్పు, చేతులు లాగేస్తున్నాయి!”

“కుడికి. ఒక్క రంధ్రం. చాలు.”

మూత కూర్చుంది. బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, ఆఖర్న మేకుతో మూతకీ కింది భాగానికీ కలిపి లోతుగా ఒక గీత గీశాడు మిరియాలు. పిడి ‘ఫిల్టర్’ మీద పెట్టి మోటారు వేశారు. కాలవ గొట్టంలో చుక్క లేదు. కొలను గోడలోని రంధ్రాల్లోంచి నీళ్లు బుడబుడమని వచ్చాయి. తొమ్మిదేళ్ల తరవాత అక్షరాలూ నీళ్లూ ఒక్క మాట మీదికి వచ్చాయి.

“ఇసక ఒకసారి కడగాలి” అన్నాడు మిరియాలు. మోటారు ఆపాడు. పిడి నొక్కాడు, తిప్పాడు, వదిలాడు. వేల సార్లు చేసిన పని, చూపుతో పనిలేదు. చేతులు తుడుచుకుంటూ, స్విచ్చు దగ్గరున్న గేటాయనతో “వెయ్యి” అన్నాడు.

గేటాయన స్విచ్చు మీద వేలు పెట్టాడు. నొక్కలేదు. ముప్ఫై ఏళ్లుగా ప్రతి టిక్కెట్టూ తేదీ చదివి కానీ చింపని మనిషి.

“ఏం మీద పెట్టావు?”

“బ్యాక్‌వాష్.”

“చూసి చెప్పు.”

“చూడ్డమెందుకు? నా చేతికి తెలుసు.”

“నీ చేతికి తెలిసింది క్లోజు.”

మిరియాలు తిరిగి చూశాడు. పిడి ‘క్లోజ్’ మీద ఉంది. నిన్నటిదాకా ఇసక కడిగిన చోటు. ఇవాళ నీళ్లకి ఎటూ దారి లేని చోటు. ఆ స్విచ్చు పడి ఉంటే మూత ఎగిరి మొహాల మీదికి వచ్చేదో, పీపాయే పగిలేదో. పిడి తిప్పిన చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు, ఎవరిదో చెయ్యిలా.

అక్షరాలు చూసుకుంటూ, ఒక్కో చోటూ పెదాలతో చదువుకుంటూ, పిడి ‘బ్యాక్‌వాష్’ మీదికి తెచ్చాడు. మోటారు పడింది. కాలవ గొట్టానికున్న గాజు కన్నంలో మట్టిరంగు నీళ్లు సుడి తిరిగాయి, మెల్లగా పలచబడి తేటయ్యాయి. ఇద్దరూ ఆ గాజు వైపే చూశారు, ఒకరినొకరు చూసుకోవలసిన అవసరం లేకుండా.

పదింటికి ఇంకా పావుగంట ఉంది. గేటాయన తాళాల గుత్తి తీసుకుని, “పంతానికి పుట్టిన మనిషి” అని పైకే అంటూ గుమ్మం దాటాడు.

“ఆగు” అన్నాడు మిరియాలు.

గేటాయన ఆగాడు. వెనక్కి తిరగలేదు.

“రేపటి నుంచీ పొద్దున్నే, నేను మోటారు వేసే ముందు ఒక్కసారి లోపలికి రా. పిడి ఎక్కడుందో చదివి చెప్పి పో. ఈ చెయ్యి తొమ్మిదేళ్లు తప్పు దారికి అలవాటు పడింది, ఒక్క రోజులో నా మాట వినదు. గట్టిగానే చదువు, గది బయటికి వినపడినా పరవాలేదు.” పానా గోడకి తగిలిస్తూ అన్నాడు. “విజిలు మాట మాత్రం ఎత్తకు.”